పులస తినేవాడు ఏ పక్షం?

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. అందుకే ఆ రోజుకి ఆగి, ముక్కనుమ సాయంత్రం రాజమండ్రిలో కోరమాండల్ ఎక్కాను. 2020 జనవరి 17. అమ్మ కట్టిచ్చిన అరిసెలు ఖరగ్‌పూర్ వచ్చేసరికి సగమయ్యాయి. హౌరాలో దిగగానే పసుపు టాక్సీ అతను కలకత్తాలోని శ్యామ్‌బజార్‌కి 600 అన్నాడు. బేరమాడి బేరమాడి 400కి ఒప్పించాను. మర్నాడు చూసిన మ్యాచ్ టికెట్ కంటే అదే ఎక్కువ. పరాయి ఊళ్ళో సామాన్లతో దిగినవాణ్ణి ఇలా పిండుకోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

విక్టోరియా మెమోరియల్, దక్షిణేశ్వర్, కాలేజ్ స్ట్రీట్ అన్నీ తిరిగాను. వాటి గురించి చాలామంది రాశారు. నేను రాయాలనుకున్నది హైదరాబాద్‌లో నాతో పనిచేసే బెంగాలీ మిత్రుడి ఇంటి గురించి, ఆ ఆదివారం గురించి.

వాళ్ళది పాత మేడ. బాల్కనీ కటకటాలకి ఒక కొసన ఆకుపచ్చ, మెరూన్ రంగుల జెండా. అది మోహన్ బగాన్ ఫుట్‌బాల్ క్లబ్‌ది. రెండో కొసన ఎరుపు, పసుపు జెండా. అది దాని ప్రత్యర్థి ఈస్ట్ బెంగాల్‌ది. రెంటికీ మధ్య సరిహద్దులా ఒక తడి తువ్వాలు ఆరేసి ఉంది. మిత్రుడి నాన్నగారు, అంటే కాకు, మోహన్ బగాన్. అమ్మగారు, కాకీమా, ఈస్ట్ బెంగాల్. కొడుకు తండ్రి వైపు, కూతురు తల్లి వైపు. పెళ్ళై నలభై ఏళ్ళు దాటినా డెర్బీ, అంటే ఆ రెండు క్లబ్బుల మ్యాచ్, వచ్చిన వారం ఆ ఇల్లు రెండు చీలికలవుతుందట.

మంచినీళ్ళు ఇచ్చీ ఇవ్వగానే కాకీమా అడిగిన మొదటి ప్రశ్న: "ఇలిశా, చింగ్‌డీయా?"

ఇలిశ చేపా, రొయ్యలా అని. అది వంట గురించి అడగడం కాదు. పశ్చిమ బెంగాల్‌లో తరతరాలుగా ఉన్నవాళ్ళు ఘోటీలు. వాళ్ళ క్లబ్ 1889లో పుట్టిన మోహన్ బగాన్, వాళ్ళు గెలిస్తే ఇంట్లో రొయ్యలు. తూర్పు బెంగాల్ మూలాలున్నవాళ్ళు బాంగాళ్‌లు. వాళ్ళది 1920లో పుట్టిన ఈస్ట్ బెంగాల్, గెలిస్తే ఇలిశ చేప. నేను ఉన్నమాట చెప్పాను. మా గోదావరి జిల్లాల్లో అదే చేప వరదనీటికి ఎదురీది వస్తే పులస అంటామనీ, పుస్తెలమ్మి అయినా తినాలంటారనీ చెప్పాను. కాకీమా ముఖం వెలిగిపోయింది. "వీడు మా వాడు!" అని వంటింట్లోంచి కూతుర్ని కేకేసింది. కాకు ఊరుకుంటాడా? "ఆంధ్రావాడికి రొయ్యల చెరువులు ఎన్ని ఉంటాయో తెలుసా నీకు? వీడు పుట్టుకతోనే మోహన్ బగాన్" అన్నాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర రెండు గంటలు కూర్చున్నాం. నేను తిన్నదాని కంటే విన్నది ఎక్కువ. కాకు 1911తో మొదలుపెట్టాడు. దాదాపు అందరూ వట్టికాళ్ళతో ఆడి, బ్రిటిష్ సైన్యపు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్ జట్టుని 2-1తో ఓడించి మోహన్ బగాన్ ఐఎఫ్ఏ షీల్డ్ అనే టోర్నీ గెలిచిన కథ. "అప్పటికి మీ క్లబ్ పుట్టనే లేదు" అన్నాడు. కాకీమా ఐదు వేళ్ళూ చాపి ఆయన కంచం మీద పెట్టింది. 1975 షీల్డ్ ఫైనల్, 5-0. అంతే, ఒక్క మాట కూడా అనలేదు. కాకు కాసేపు అన్నం కలుపుకుంటూ ఉండిపోయాడు.

తర్వాత 1997 ఫెడరేషన్ కప్ సెమీఫైనల్ వచ్చింది. సాల్ట్ లేక్ స్టేడియంలో లక్షా ముప్పై వేల పైచిలుకు జనం. మ్యాచ్‌కి ముందు మోహన్ బగాన్ కోచ్ అమల్ దత్తా అవతలి ఆటగాళ్ళకి పేర్లు పెట్టాడట: భైచుంగ్‌ని చుంగ్‌చుంగ్ అని, ఒమోలోని ఆమ్లెట్ అని, సోసోని శోశా అని. శోశా అంటే కీరా దోసకాయ. భైచుంగ్ హ్యాట్రిక్ కొట్టాడు, ఈస్ట్ బెంగాల్ 4-1తో గెలిచింది. ఆ ఇంట్లో ఇప్పటికీ కీరా ముక్కలు వడ్డిస్తే కాకు ముట్టడు. నా కళ్ళారా చూశాను, పళ్ళెం ఆయన దాకా వచ్చి పక్కకి వెళ్ళిపోయింది.

అక్కడిదాకా అది వాళ్ళ గొడవ. "మీ హైదరాబాద్ హబీబ్ ఎలా ఉన్నాడు?" అని కాకు అడిగినప్పుడు అది నా దాకా వచ్చింది.

మహమ్మద్ హబీబ్. అక్కడ ఆయన్ని బొడో మియా, అంటే పెద్ద మియా, అంటారు. 1977లో పెలే అమెరికా క్లబ్ కాస్మోస్ జట్టుతో కలకత్తా వస్తే, ఆ 2-2 డ్రాలో మోహన్ బగాన్‌కి ఒక గోల్ కొట్టినవాడు. ఆయన తమ్ముడు అక్బర్ 1976 డెర్బీలో ఆట మొదలైన 17 సెకన్లకే గోల్ వేశాడు. కాకు ఆ రోజు మైదానంలోనే ఉన్నాడు గానీ, కూర్చోడానికి చోటు చూసుకుంటున్నాడట. తలెత్తేసరికి అంతా అయిపోయింది. ఆ గోల్ చూడలేకపోయానన్న బాధ ఆయన గొంతులో ఇంకా ఉంది. కాకీమా అందుకుంది: హబీబ్ 1966లో మొదట వచ్చింది ఈస్ట్ బెంగాల్‌కేనట. ఇంకా వెనక్కి వెళ్ళి, వాళ్ళ నాన్న తరంలో ఐదుగురు ఫార్వర్డ్‌లని పంచ పాండవులు అనేవారని చెప్పి వేళ్ళ మీద లెక్కపెట్టింది: వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే. అందరూ దక్షిణాది వాళ్ళే. ఒక బెంగాలీ ఇల్లాలి నోట "ఆప్పారావ్" అని వినేసరికి ఒళ్ళు పులకరించింది. ఆ వెంటనే సిగ్గేసింది. పన్నెండేళ్ళుగా హైదరాబాద్‌లో ఉంటున్నాను. 1962 ఏషియన్ గేమ్స్‌లో దేశానికి స్వర్ణం తెచ్చిన కోచ్ రహీమ్ సాబ్ హైదరాబాదీ అని ఎక్కడో చదివాను. హబీబ్ అదే ఊళ్ళో ఉన్నాడని మాత్రం శ్యామ్‌బజార్‌లో తెలిసింది. హీరోల కటౌట్లకి పాలు పోసే మన ఊళ్ళలో ఆయన పేరు మీద ఒక్క మాట వినలేదు.

మర్నాడు మ్యాచ్‌కి బయల్దేరాం. ఉల్టాడాంగా దాటేసరికి మటాడోర్ లారీల మీద జెండాలు, డప్పులు. ఎర్ర జెండాల లారీ వాళ్ళు మమ్మల్ని చూసి "మాచా, మాచా" అని అరిచారు. మాచా అంటే మంచె, మోహన్ బగాన్ వాళ్ళకి అవతలివాళ్ళు పెట్టిన పేరు. మన పొలాల్లో పిట్టల్ని తోలడానికి వేసే మంచె! ఆ మాటకి నవ్వొచ్చింది. మూడు రోజుల కిందటే మోహన్ బగాన్‌ని వేరే క్లబ్‌తో కలిపేస్తున్నారని వార్త వచ్చింది కాబట్టి దాని మీద కూడా ఎత్తిపొడుపులు. గేటు దగ్గర తోపులాట మొదలవగానే కాకు నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు, సీటు దొరికేదాకా వదల్లేదు. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఈ డెర్బీకే వచ్చి 16 మంది చనిపోయారు. ఆ తర్వాత ఆయన ఎవరితో వెళ్ళినా ఇలాగే పట్టుకుంటాడని మిత్రుడు చెప్పాడు.

18వ నిమిషంలో బెయితియా తలతో గోల్ వేశాడు. మా గ్యాలరీ మొత్తం లేచింది. నాకు తెలియని వాళ్ళు నన్ను కావలించుకున్నారు. ఆ ఊపులో వెనక వరసలో ఒక కుర్రాడు "కాంటాతార్" అని అరవడం మొదలుపెట్టాడు. ముళ్ళకంచె అని అర్థం. సరిహద్దు దాటి వచ్చినవాళ్ళని దెప్పే మాట. కాకు వెనక్కి తిరిగి, "మా మామగారు బరిసాల్ నుంచి ఒంటి మీద బట్టలతో వచ్చాడు. ఇంకోసారి అను చూద్దాం" అన్నాడు. కుర్రాడు తల దించుకున్నాడు. మంచె అన్నా ఆమ్లెట్ అన్నా నవ్వుకోవచ్చు. ఇల్లు పోగొట్టుకున్నవాణ్ణి ముళ్ళకంచె అంటే అందులో నవ్వేముంది? ఆ మాట ఎవరన్నా నాకు కోపమే.

ఆ రోజే ఎదుటి గ్యాలరీలో ఈస్ట్ బెంగాల్ వాళ్ళు పెద్ద బ్యానర్ దించారు. పౌరసత్వ చట్టం, ఎన్ఆర్‌సీ అనే పౌరుల జాబితాల మీద దేశమంతా గొడవగా ఉన్న రోజులవి. కాకు కళ్ళజోడు సర్దుకుని చదివి, నాకు అర్థం చెప్పాడు: "రక్తమిచ్చి కొన్న నేల ఇది, కాగితమిచ్చి కాదు." చెప్పి కాసేపు మాట్లాడలేదు. "మీ కాకీమా వాళ్ళ నాన్న ఉంటే ఇదే అనేవాడు" అన్నాడు చివరికి. ఆయన మెడలో ఆకుపచ్చ, మెరూన్ మఫ్లర్ అలాగే ఉంది.

65వ నిమిషంలో డియవారా రెండోది కొట్టాడు. 71లో ఈస్ట్ బెంగాల్ ఒకటి తిరిగిచ్చింది. ఆఖరి ఇరవై నిమిషాలూ టెన్షన్‌తో నా అరచేతులు చెమట పట్టేశాయి. అంటే నేనూ ఒక పక్షం చేరిపోయానన్నమాట. 2-1.

ఓడిన పక్షం వండాలన్నది ఆ ఇంటి కట్టుబాటు. ఆ సీజన్‌లో మంచి ఇలిశ దొరికేది కాదు, అదే నయమైందంటూ కాకీమా రొయ్యలు వండింది. కొబ్బరిపాలు పోసి చేసే ఆ కూరలో ఘోటీలు కాస్త చక్కెర వేస్తారు. ఆమె చక్కెర డబ్బా ముట్టలేదు. పచ్చిమిరపకాయలు గుప్పెడు చీల్చి వేసింది, నేను పక్కనే ఉండి చూశాను. కాకు కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా రెండోసారి వడ్డించుకున్నాడు. నాకైతే మా ఇంటి కూరలా అనిపించింది.

2023 ఆగస్టు 15న కాకు నుంచి ఫోన్ వచ్చింది. ఆ రోజు మోహన్ బగాన్ పుట్టినరోజు కూడా. ఆయన గొంతు మాత్రం పండగలా లేదు. "మీ ఊళ్ళో బొడో మియా పోయాడు. మా క్లబ్ పుట్టినరోజునాడే" అన్నాడు. వెనకనుంచి కాకీమా మాట వినబడింది: "మొదట మా వాడు." కాకు ఈసారి కాదనలేదు.