చేప అమ్మనన్నాడు

"హొయ్‌టె నిష్ట్," అన్నాడు అక్వేరియం షాపాయన. ఈ రోజు కాదు అని. చేతిలో యాభై యూరోల నోటు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నా వెనక నలుగురు క్యూలో ఉన్నారు.

బెర్లిన్ వచ్చి ఆరేళ్ళయింది. ఎవరో ఒకరు ఏదో ఒకదానికి మందలించడం అలవాటైపోయింది. ఆదివారం పూట గాజు సీసాలు డబ్బాలో వేస్తే మందలిస్తారు. సైకిళ్ళ దారిలో నడిస్తే బెల్లు కొట్టి మరీ తిడతారు. అవన్నీ ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తాను. కానీ సరుకు కళ్ళెదురుగా పెట్టుకుని, కొనడానికొచ్చిన మనిషిని పొమ్మనడం మాత్రం ఇదే మొదటిసారి చూడటం.

నేనడిగింది రెండు క్లౌన్ చేపలు, నారింజ రంగు మీద తెల్ల పట్టీలుంటాయే, అవి. మా బాబు పుట్టినరోజు ఆ శనివారం. షాపాయన అడిగితే మా ఉప్పునీళ్ళ తొట్టి నీళ్ళు చిన్న సీసాలో పట్టుకెళ్ళాను. చుక్కల మందు వేసి ఊపాడు. గులాబీ రంగు తిరిగింది. "నైట్రైట్ ఉంది. తొట్టి పెట్టి ఎన్నాళ్ళయింది?" తొమ్మిది రోజులన్నాను. "ఇంకో నాలుగు వారాలాగి రండి." పుట్టినరోజు సంగతి చెప్పాను. అది చెప్పకుండా ఉండాల్సింది. "చేపలు ఫర్నిచర్ కాదు," అన్నాడు, క్యూలో అందరికీ వినబడేలా.

ఇంటికొచ్చేదాకా ఊబాన్ మెట్రో‌లో కూర్చుని ఆయనతో మనసులోనే పోట్లాడాను. నేనెవరినో తెలుసా? భీమవరం వైపు రొయ్యల రైతు కూతుర్ని. ఉప్పుటేరు నీళ్ళ పక్కన పెరిగిన దాన్ని. ఉప్పునీళ్ళ గురించి నాకు నువ్వు చెప్తావా? మా ఊళ్ళో మేతల డీలరు అయితే ఎదురొచ్చి కుర్చీ వేసి, టీ తెప్పించి, అవసరం లేని మందు కూడా అరువు మీద ఇచ్చి పంపేవాడు. (ఆ అరువు ఎంత వడ్డీతో తిరిగొచ్చేదో అప్పుడు గుర్తు రాలేదు.) ఒంటి రంగు చూసి అన్నాడేమో అని కూడా అనుకున్నాను. ఇక్కడ ఏ మాట పడ్డా ముందు ఆ అనుమానమే వస్తుంది. నిజమో కాదో తేలదు, అదే పెద్ద బాధ.

ఆఫీసులో చెప్పుకుంటే ఓదారుస్తారనుకున్నాను. పక్క సీటు కొలీగ్ మాత్రం, ఇక్కడి జంతు సంరక్షణ చట్టం ప్రకారం జంతువును పెంచే మనిషికి దాన్ని సాకే తెలివిడి ఉండి తీరాలని చెప్పింది. "చేపకి కూడానా?" అంటే, "చేప జంతువు కాదా?" అంది. ఇంకేమంటాను.

అసలు ఆ తొట్టి కోసం అప్పటికే ఎంత అవస్థ పడ్డామో షాపాయనకేం తెలుసు. మాది పాత బిల్డింగులో మూడో అంతస్తు, చెక్క నేల. 120 లీటర్ల తొట్టి, రాళ్ళు, స్టాండు కలిపి ఇద్దరు మనుషుల బరువు దాటిపోతుంది. గది మధ్యలో వద్దని గోడవారగా పెట్టాం. అయినా కింది ఫ్లాటు ఆవిడ పైకొచ్చి చూసి, హాఫ్ట్‌ఫ్లిష్ట్ ఇన్సూరెన్స్ (మనవల్ల ఇతరులకు జరిగే నష్టానికి బీమా) ఉందా అని అడిగింది. ఆవిణ్ణి తప్పు పట్టలేను. 2022 డిసెంబరులో ఈ ఊరి నడిబొడ్డున హోటల్లో ఉన్న ఆక్వాడోమ్ అనే పెద్ద అక్వేరియం తెల్లవారుజామున బద్దలై, పది లక్షల లీటర్ల ఉప్పునీళ్ళు వీధిలోకొచ్చాయి. సుమారు 1,500 చేపల్లో దాదాపు అన్నీ పోయాయి. మాది 120 లీటర్లేనండీ అన్నాను. నా సీలింగుకి అది చాలు అంది.

బెర్లిన్ కుళాయి నీళ్ళకి కెటిల్ అడుగున తెల్లగా సున్నం పేరుకుంటుంది. అవి తొట్టికి పనికిరావు. లవణాలు వడగట్టేసిన ఆస్మాసిస్ నీళ్ళు కొనాలి. ఇరవై లీటర్ల క్యాన్లు కూరగాయల ట్రాలీ మీద కట్టి మా ఆయన ఊబాన్‌లో ఆరు ట్రిప్పులు మోశాడు. వరంగల్ మనిషి, "మంచినీళ్ళు కొని ఉప్పు కలుపుడేంది?" అని ప్రతి ట్రిప్పుకీ అడిగాడు. నాలుగు కిలోల పైన ఉప్పు పట్టింది. అదీ వంటింటి ఉప్పు కాదు, కాల్షియం, మెగ్నీషియం అన్నీ కలిసిన సముద్రపు ఉప్పు.

తర్వాత రాళ్ళొచ్చాయి. లైవ్ రాక్ అంటారు, అంటే సూక్ష్మజీవులు కాపురముండే రాళ్ళు. తడి న్యూస్‌పేపర్లో చుట్టి ఇచ్చారు. వంటింట్లో మూట విప్పగానే మా ఆయనా బాబూ ముక్కులు మూసుకుని బాల్కనీలోకి పరుగు. నేను మాత్రం అక్కడే నిలబడ్డాను. రొయ్యల పట్టుబడి అయ్యాక, చెరువు ఎండగట్టిన మొదటి రెండు మూడు రోజులు గట్టు మీద వచ్చే వాసన అది. బయట సాయంత్రం నాలుగింటికే చీకటి, కిటికీ మీద మంచు. ఆ వాసన పోతుందేమోనని ఎగ్జాస్ట్ వెయ్యలేదు.

సరే, ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేసి షాపాయన మీద చాడీలు చెప్పాను. మొత్తం విన్నాడు. "అదేంటే పిచ్చిదానా, నీళ్ళు కట్టగానే రంగు రాకుండా సీడ్ వదులుతామా?" అన్నాడు. సీడ్ అంటే రొయ్య పిల్లలు.

నాకు నోట మాట రాలేదు. నిజమే కదా. చెరువు ఎండి నెర్రెలు విచ్చాలి, సున్నం చల్లాలి, నీళ్ళు కట్టాలి, మందు కొట్టాలి, తౌడూ బెల్లం పులియబెట్టి పోయాలి, నీళ్ళు రంగు తిరగాలి. అప్పుడు కదా హేచరీకి ఫోన్ చేసేది. ఇవన్నీ చూస్తూనే పెరిగాను. చూశానే గానీ పట్టించుకోలేదు. నాకు ఎంసెట్ గోల. షాపాయన అన్నదీ అదే: చేప వదిలే వ్యర్థంలోంచి అమ్మోనియా వస్తుంది, ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్ చేస్తుంది, ఇంకో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్ చేస్తుంది. ఈ రెండో రకం రాళ్ళ మీద కుదురుకునేసరికి నాలుగు నుంచి ఆరు వారాలు. నైట్రైట్ కనబడుతోందంటే పని సగంలో ఉందని. మాట ఒకటే. కానీ ఒకరు పిచ్చిదానా అన్నారు, ఒకరు ఫర్నిచర్ అన్నారు. తేడా లేదంటే నేనొప్పుకోను.

ఆగాను. ఆగుతూ కూడా ఒక తప్పు చేశాను. తొట్టిలో నీళ్ళు తగ్గుతుంటే ఉప్పు కలిపిన నీళ్ళే పోస్తూ వచ్చాను. ఒక రోజు ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్ పెట్టి చూస్తే 1.025 ఉండాల్సింది 1.028 ఉంది. నాన్నకి చెబితే నవ్వాడు. "మే నెలలో మన చెరువులో ఉప్పెందుకు పెరుగుద్దమ్మా? ఆవిరయ్యేది నీళ్ళే." ఆవిరైన మేరకు మంచినీళ్ళు పొయ్యాలన్నమాట. నాన్నకి రిఫ్రాక్టోమీటర్ ఇప్పటికీ ల్యాబ్ కుర్రాళ్ళ వస్తువు. ఆయన వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని చెప్పేవాడు. నేనూ ఒకసారి అలా చేస్తే బాబు యాక్ అన్నాడు.

మూడో వారంలో తెల్ల ఇసుకంతా గోధుమరంగు జిడ్డు పట్టింది. పాడైపోయిందని నేను ఏడుపు మొహం పెడితే, నాన్న వీడియోలో చూసి "రంగొస్తోంది, కదపకు" అని సంబరపడ్డాడు. షాపాయన కూడా అది సన్నటి నాచు, డయాటమ్‌లు, వాటంతటవే పోతాయన్నాడు.

ఆరో వారం మళ్ళీ వెళ్ళాను. నా ముందు ఒక జర్మన్ జంట, సూటూ బూటూ. వాళ్ళ సీసా నీళ్ళు కూడా గులాబీ రంగు తిరిగాయి. "హొయ్‌టె నిష్ట్." వాళ్ళకీ ఫర్నిచర్ మాట పడింది. ఎంత హాయిగా అనిపించిందో చెబితే నా బుద్ధి బయటపడుతుంది.

నా నీళ్ళు రంగు తిరగలేదు. చేపలు పట్టి ఇస్తూ, కొత్తవాటితో వైట్ స్పాట్ జబ్బు వస్తుంది జాగ్రత్త అన్నాడు. ఆ రెండు మాటలకి నా చేతిలో సంచి వణికింది. చేపలకొచ్చేది వేరు, అదొక పరాన్నజీవి. రొయ్యలకొచ్చేది వైరస్. కానీ 1994-95లో టైగర్ రొయ్యల మీద అది పడినప్పుడు నాకు ఆరేడేళ్ళు. నాలుగెకరాల చెరువులో రొయ్యలు గట్టువారకొచ్చి తేలాయి. అమ్మ గాజులు బ్యాంకుకి వెళ్ళాయి. 2009 తర్వాత వనామీ రకం రొయ్య వచ్చేదాకా నాన్న మళ్ళీ రొయ్య జోలికి పోలేదు, శీలావతి, బొచ్చె చేపలతో సరిపెట్టుకున్నాడు.

అదంతా ఆయనకి చెప్పే జర్మన్ నా దగ్గర లేదు. నాన్న అడగమన్న ప్రశ్న మాత్రం అడిగాను: కరెంటు పోతే ఏం చేయాలి? మా ఇంట్లో అర్ధరాత్రి ఫ్యాను ఆగిందంటే నాన్న మంచం దిగి పరుగే. నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగిన చెరువులో తెల్లారేసరికి ఆక్సిజన్ ఉండదు. షాపాయన మొదటిసారి కౌంటర్ వెనక నుంచి ఇవతలికొచ్చాడు. 2019 ఫిబ్రవరిలో బెర్లిన్‌లోని కోపెనిక్‌లో ముప్పై గంటలు కరెంటు పోయిందట, ఆ తర్వాత బ్యాటరీ గాలి పంపు కొనమని అందరికీ చెబితే ఎవరూ వినలేదట. "మీ నాన్న ఏం చేస్తారు?" అన్నాడు. రొయ్యల చెరువులన్నాను. కళ్ళు మెరిశాయి. చదరపు మీటరుకి ఎన్ని వదులుతారన్నాడు. నలభై, నిబంధన ప్రకారం అరవై దాకా వదలొచ్చు అన్నాను గొప్పగా. కాగితం తీసి లెక్కేశాడు. ఆ లెక్కన నా తొట్టి అడుగు కొలతకి పద్నాలుగు రొయ్యలు. నా చేతిలోని రెండు చేపల వైపు చూశాడు, తల అడ్డంగా ఊపాడు.

"అది పని. ఇది ఆట," అన్నాను వచ్చిన జర్మన్‌లో, అనుకున్నదానికంటే గట్టిగా. ఆయనేమీ అనలేదు. బ్యాటరీ పంపు మీద పది శాతం తగ్గించాడు.

ఆ రాత్రి వీడియోలో నాన్న చేపలు తొట్టి మూలనున్న పంపు పక్కన ఒదిగి తిరగడం చాలాసేపు చూశాడు. "మన చెరువు సంగతి చెప్పావా? ఏమన్నాడాయన?"

"బాగుందన్నాడు నాన్నా."

"తెలిసిన మనిషే. ఇంతకీ ఆయనకి ఎన్నెకరాలమ్మా?"