మడత లోపల మిగిలిన ఎరుపు

పోయిన వారం అల్మారా సర్దుతుంటే పదిహేనేళ్లుగా నా దగ్గరున్న ఒక నవల చేతికొచ్చింది. అరలో ఉన్నప్పుడు దాని వెన్ను లేత నారింజ రంగులో కనిపిస్తుంది, చూసి చూసి అదే దాని రంగని నా మనసులో స్థిరపడిపోయింది. దుమ్ము దులుపుదామని డస్ట్ జాకెట్, అంటే అట్ట మీద చుట్టే బొమ్మల కాగితం, విప్పి బల్ల మీద పరిచాను. పుస్తకం లోపలికి మడిచి పెట్టే ఫ్లాప్ ఉంటుంది కదా, అక్కడ మడత దాటగానే చిక్కటి ఎరుపు. ముందు అట్ట మీద అదే ఎరుపు కాస్త డల్‌గా ఉంది, వెన్ను దగ్గరికి వచ్చేసరికి నారింజ అయిపోయింది. ఒకే కాగితం మీద మూడు రంగులు, స్కేలు పెట్టి గీత గీసినట్టు మడతల దగ్గర విడిపోయి ఉన్నాయి. చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను. ఈ పుస్తకాన్ని ఎవరికీ అరువివ్వలేదు, తడవనివ్వలేదు, ఎక్కడా చిరగలేదు, ప్లాస్టిక్ కవరు కూడా వేసే ఉంచాను. అయినా ఆ బొమ్మ వేసిన మనిషి ఎంచుకున్న ఎరుపు నా ఇంట్లోనే, నా కళ్ల ముందే పోయింది.

జాకెట్‌ను కాపాడుకోవడమంటే చిరగకుండా, నలగకుండా చూసుకోవడమే అని నేను చాలాకాలం అనుకున్నాను. చిరుగు కంటికి కనిపిస్తుంది కాబట్టి దానికి భయపడతాం. వెలుతురు చేసే పని అలా కాదు, రోజూ రవ్వంత చొప్పున జరుగుతుంది, మనకు తెలిసేసరికి అయిపోయి ఉంటుంది. చిరుగును ఎలాగోలా అతికించుకోవచ్చు, వెలిసిన రంగును మాత్రం వెనక్కి తెచ్చే దారి లేదు.

అసలు ఈ కాగితం పుట్టిందే పారేయడానికి. 19వ శతాబ్దంలో గుడ్డతోనో పట్టుతోనో బైండు చేసిన పుస్తకం కొన్నవాళ్ల చేతికి చేరేలోపు మాసిపోకుండా చుట్టిన చుట్టు అది, ఇంటికి తెచ్చుకున్నాక విప్పి పారేసేవాళ్లు. ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ లైబ్రరీలో 2009లో బయటపడిన ఒక జాకెట్ 1829 నాటిది, 'ఫ్రెండ్‌షిప్స్ ఆఫరింగ్' అనే వార్షిక సంచికది. దానికి ఇప్పటిలా ఫ్లాపులు లేవు, గిఫ్ట్ ప్యాకెట్‌లాగా పుస్తకాన్ని మొత్తం చుట్టేసి లక్కతో సీలు వేశారు. చదవాలంటే ముందు ఆ చుట్టు విప్పాల్సిందే, అలాంటివి ఇన్నాళ్లు ఎందుకు మిగల్లేదో వేరే చెప్పక్కర్లేదు. 20వ శతాబ్దంలో, ముఖ్యంగా 1920ల నాటికి, అందమంతా బైండింగ్ మీంచి జాకెట్ మీదికి వచ్చేసింది. బొమ్మలు, అక్షరాల డిజైను, కథ గురించి నాలుగు మాటలు, రచయిత పరిచయం అన్నీ దాని మీదే. కాగితం మాత్రం ఆ పారేసే కాలపు కాగితంలాగే పల్చగా ఉండిపోయింది. మన చేతిలో ఉన్న సమస్యంతా ఇదే, పుస్తకంలో అన్నిటికంటే ముందు కనిపించే భాగం, అన్నిటికంటే బలహీనమైన భాగం ఒకటే అయిపోయాయి.

ఎఫ్. స్కాట్ ఫిట్జెరాల్డ్ నవల 'ది గ్రేట్ గాట్స్‌బీ' 1925 మొదటి ముద్రణ గురించి పుస్తకాలు సేకరించేవాళ్లు ఎప్పుడూ చెప్పుకుంటుంటారు. ఫ్రాన్సిస్ కుగాట్ వేసిన నీలం బొమ్మ ఉన్న ఆ జాకెట్ పుస్తకం కంటే కొద్దిగా ఎత్తు ఎక్కువ. దాంతో పై అంచు బయటికి పొడుచుకొచ్చి, తగిలిన చోటల్లా చిట్లిపోయింది, బాగున్నవి చాలా తక్కువ మిగిలాయి. జాకెట్ ఉన్న ప్రతికీ లేని ప్రతికీ ధరలో ఎన్నో రెట్లు తేడా ఉంటుంది. నేను ధర కోసం పుస్తకాలు కొనను గానీ ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచి కొత్తగా వచ్చిన ప్రతి పుస్తకాన్నీ కంటి ఎత్తులో పట్టుకుని చూస్తాను, జాకెట్ అంచు అట్ట కంటే బయటికి వచ్చిందా అని. ఒక మిల్లీమీటరు వచ్చినా చాలు, దాన్ని అరలోకి తోసిన ప్రతిసారీ ఆ అంచే ముందు దెబ్బ తింటుంది. అలాంటిదానికి ముందుగా ఫిల్మ్, అంటే పల్చటి ప్లాస్టిక్ కవరు, వేస్తాను.

ఫిల్మ్ అంటున్నాను గానీ ఏ ప్లాస్టిక్ అన్నది చాలా ముఖ్యం. కాలేజీ అయిపోయిన కొత్తలో దొరికిన ఏదో మెత్తటి ప్లాస్టిక్ షీటు తెచ్చి పదిపన్నెండు పుస్తకాలకు వేశాను. వేసిన రోజు మెరిసిపోతూ ఎంత బాగున్నాయో. నాలుగైదేళ్ల తర్వాత ఒకటి విప్పబోతే జిగటగా అంటుకుని రాలేదు, మెల్లగా లాగితే టేపు పీకినట్టు శబ్దం చేస్తూ ఊడింది. ప్లాస్టిక్‌ను వెలుతురుకెత్తి చూస్తే పుస్తకం పేరు దాని మీద తిరగబడి అచ్చయి ఉంది, సిరా కాగితాన్ని వదిలి దీనికి అంటుకుంది. అది పీవీసీ. దాన్ని మెత్తగా చేయడానికి కలిపే ప్లాస్టిసైజర్లు కాలక్రమేణా బయటికి వచ్చి సిరాను కరిగిస్తాయి, పైగా పీవీసీ పాడయ్యేకొద్దీ ఆమ్లం వదులుతుంది. కొత్త కారు లోపల వచ్చేలాంటి ఘాటు వాసన ఉండి, చేతిలో రబ్బరులా సాగుతూ ఉంటే ఆ షీటు జాకెట్ దగ్గరికి రానివ్వకండి.

కావాల్సింది పాలియెస్టర్ ఫిల్మ్. మైలార్, మెలినెక్స్ అనే పేర్లతో ఎక్కువగా వింటాం. గాజులా తేటగా ఉంటుంది, వేళ్ల మధ్య నలిపితే కరకరలాడుతుంది, వాసన ఉండదు. మామూలు సైజు పుస్తకాలకు 38 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం చాలు, పెద్ద బొమ్మల పుస్తకాలకైతే 50 మైక్రాన్లది కాస్త నిలబడుతుంది. పాలీప్రొపిలీన్ కూడా సురక్షితమే, కొంచెం మెత్తగా ఉంటుంది, పాలియెస్టర్ అంత తేటదనం మాత్రం రాదు. లైబ్రరీల కోసం తయారుచేసే జాకెట్ కవర్లలో ఫిల్మ్ వెనక తెల్ల కాగితం కూడా ఉంటుంది. చిరుగులున్న, బలం పోయిన జాకెట్‌కు ఆ కాగితం ఆసరాగా ఉంటుంది, అది ఆమ్లం లేని కాగితమేనా అని మాత్రం అడిగి తీసుకోవాలి. మామూలు కాగితమైతే జాకెట్‌ను లోపలి వైపునుంచి అదే పసుపు పచ్చగా మారుస్తుంది.

వేసే పద్ధతి పెద్ద విద్యేమీ కాదు, తొందరపడకూడదంతే. చేతులు సబ్బుతో కడుక్కుని పూర్తిగా ఆరనివ్వాలి. నూలు గ్లౌజులు వద్దు, వాటితో కాగితం అంచు ఎక్కడుందో వేలికి తెలియదు, పట్టుకోబోయి చింపేస్తాం. జాకెట్‌ను పొడి బల్ల మీద బొమ్మ కిందికి ఉండేలా పరిచి మెత్తటి బ్రష్‌తో మధ్య నుంచి బయటికి దుమ్ము తీయాలి. కొలత పుస్తకానిది కాకుండా జాకెట్ ఎత్తుది తీసుకోవాలి. ఫిల్మ్‌ను పైనా కిందా మడిచేటప్పుడు జాకెట్ అంచుకీ మడతకీ మధ్య వెంట్రుకవాసి ఖాళీ వదలండి. మరీ బిగించి మడిస్తే కాగితం లోపల వంగుతుంది, తేమకు అది కాస్త పెరిగినప్పుడు అలలు తేలుతుంది. ఫ్లాపులను వాటి పాత మడత మీదే మడవాలి, ఫిల్మ్ కోసం కొత్త మడత పెట్టారంటే అక్కడ సిరా పగిలి తెల్లగీత వస్తుంది, ఆ గీత ఇక పోదు. టేపు వేయాల్సి వస్తే ఫిల్మ్‌కీ ఫిల్మ్‌కీ మధ్యే వేయండి, జాకెట్‌కీ అట్టకీ తగలకూడదు.

టేపు అంటే గుర్తొచ్చింది. నా దగ్గర ఒక కథల సంపుటి ఉంది, దాని జాకెట్ పై అంచున చిన్న చిరుగు ఉంటే, అది పెరిగిపోతుందేమోనన్న టెన్షన్‌తో మామూలు సెల్లోటేపు ముక్క ఒకటి బయటివైపే అంటించాను. ఇప్పుడు ఆ టేపు ఎండి తనంతట తానే ఊడిపోయింది, జిగురు మాత్రం కాగితంలోకి ఇంకిపోయి తేనె రంగులో నలుచదరంగా నిలిచిపోయింది. చిరుగు ఒక సెంటీమీటరే, మచ్చ మూడు సెంటీమీటర్లు. అసలు చిరుగును అలాగే వదిలేసి పైన ఫిల్మ్ వేసి ఉంటే సరిపోయేది, ఎందుకంటే ఫిల్మ్ లోపల ఉన్న చిరుగు ఇక పెరగదు. తప్పనిసరిగా అతికించాలంటే జపాన్ టిష్యూ అనే పల్చటి పొడవాటి పీచు కాగితాన్ని గోధుమ స్టార్చ్ పేస్టుతో లోపలివైపు అంటిస్తారు. నీళ్లు తగిలిస్తే మళ్లీ వచ్చేస్తుంది కాబట్టి తప్పు జరిగినా దిద్దుకోవచ్చు. విలువైన జాకెట్ అయితే అది కూడా మనం చేయకుండా పాత కాగితాలను బాగుచేసే నిపుణుడికి, అంటే కన్జర్వేటర్‌కు, వదిలేయడం మేలు.

ఇక వెలుతురు. ఫిల్మ్ వేశాం కదా అని కిటికీ ఎదురుగా పెట్టేవాళ్లుంటారు, నేను చేసిందీ అదే. మామూలు తేట ఫిల్మ్ చేతి చెమటను, రాపిడిని ఆపుతుంది, రంగు వెలిసిపోవడాన్ని ఆపదు. కిటికీ అద్దం కూడా అతినీలలోహిత కిరణాలను పూర్తిగా ఆపదు. అద్దానికి ఆ కిరణాలను ఆపే యూవీ ఫిల్మ్ అంటిస్తే మేలే గానీ, మనకు కనిపించే వెలుతురు కూడా రంగును తినేస్తుందని మర్చిపోకూడదు. ఎండ నేరుగా పడకపోయినా సరే, గోడ మీంచి తిరిగొచ్చే వెలుతురు రోజుకు పది గంటలు పడితే చాలు. ఇందులో లెక్కంతా మొత్తం మీదే ఉంటుంది, 100 లక్స్ (లక్స్ అంటే వెలుతురును కొలిచే ప్రమాణం) వెలుతురులో ఐదు గంటలున్నా 50 లక్స్‌లో పది గంటలున్నా రంగుకు జరిగే నష్టం ఇంచుమించు ఒకటే. మ్యూజియంలలో కాగితం మీది రంగుల బొమ్మలకు 50 లక్స్ దాటనివ్వరు, అదీ కొన్ని నెలలే పెట్టి తీసేస్తారు. ఎరుపులు, పసుపులు ముందు పోతాయి, నలుపు, నీలం ఎక్కువకాలం నిలుస్తాయి. అందుకే కిటికీ దగ్గరి పుస్తకాల వెన్నులన్నీ కొన్నేళ్లకు ఒకేలా నీలంగా, బూడిదగా కనిపిస్తాయి.

అలాగని అన్నీ పెట్టెలో పెట్టి మూసేయాలా? నాకు ఆ ఆలోచనే నచ్చదు. జాకెట్ చేశారంటే చూడటానికే. నల్లటి పెట్టెలో నలభై ఏళ్లు భద్రంగా ఉన్న బొమ్మను ఎవరూ చూడకపోతే దాన్ని కాపాడి ఎవరికిచ్చినట్టు? నేను చేసుకున్న ఏర్పాటు ఇది. ముఖచిత్రం కనిపించేలా పెట్టే అర ఒక్కటే ఉంచుకున్నాను, గదిలో కిటికీ ఉన్న గోడకే అది ఉంటుంది, అంటే వెలుతురు దాని వెనక నుంచి వెళ్తుంది తప్ప మీద పడదు. అందులో ఐదు పుస్తకాలు పడతాయి. రెండు నెలలకోసారి ఐదూ తీసి వేరే ఐదు పెడతాను, ఎప్పుడు ఏవి పెట్టానో ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటాను. మార్చే రోజు నాకు పండగలా ఉంటుంది, మర్చిపోయిన బొమ్మలు మళ్లీ కళ్ల ముందుకొస్తాయి, రోజూ అవే ఉంటే కొన్నాళ్లకు వాటిని చూడటమే మానేస్తాం కదా. ఇంకా ఇష్టమైనవి ఎప్పుడూ గోడ మీద ఉండాలనిపిస్తే జాకెట్‌ను మంచి రిజల్యూషన్‌లో స్కాన్ చేసి, ప్రింటు తీయించి దాన్నే ఫ్రేము కట్టించండి. అసలుది పుస్తకం మీదే ఉంటుంది. ఎండకు ప్రింటు పోతే ఇంకోటి తీసుకోవచ్చు.

అరల విషయంలో ఒక్కటే చెప్తాను, బిగించి పేర్చకండి. చెయ్యి పట్టక, వెన్ను పై అంచులో వేలు దూర్చి లాగుతాం, జాకెట్లు ఎక్కువగా చిరిగేది అక్కడే. పక్క రెండు పుస్తకాలను లోపలికి నెట్టి, కావాల్సిన పుస్తకం నడుము పట్టుకుని తీయాలి. తేమ 65 శాతం దాటితే బూజు మొదలవుతుంది, సిల్వర్‌ఫిష్ పురుగులకు కూడా తేమే ఇష్టం, కాగితం పైపూతలోని గంజిని గీకి తినేస్తాయి. చిన్న తేమ మీటరు ఒకటి అల్మారాలో పెట్టుకుంటే సరిపోతుంది.

చదివేటప్పుడు జాకెట్ తీసేయాలా అని చాలామంది అడుగుతుంటారు. ఫిల్మ్ వేసి ఉంటే ఉంచే చదువుతాను, లేకపోతే తీసి, మడతలు అలాగే ఉండేలా అల్మారాలో ఓ చోట పెడతాను. ఫ్లాప్‌ను మాత్రం పేజీ గుర్తుగా వాడకండి, ఆ మడత పుస్తకం మందానికి సాగిపోయి, ఇక ఎప్పటికీ సరిగ్గా కూర్చోదు. కానుకగా ఇచ్చేటప్పుడు ధర కనపడకూడదని ఫ్లాప్ మూల కత్తిరించే అలవాటు కూడా నాకు బాధ కలిగిస్తుంది. ఆ అంకె కూడా పుస్తకం చరిత్రలో భాగమే, ఏ ముద్రణో తేల్చడానికి ఒక్కోసారి అదే ఆధారం అవుతుంది.

ఆ ఎరుపు నవలకు పాత కవరు తీసేసి పాలియెస్టర్ వేశాను. వేసేముందు ఫ్లాప్ దగ్గరి ఎరుపు కనిపించేలా జాకెట్ మొత్తాన్ని విప్పి స్కాన్ చేసి పెట్టుకున్నాను, మడత దగ్గర మిగిలిన ఆ రంగును చూసుకుని మిగతాది సరిచేసి ఒక ప్రింటు తీయాలని ఉంది. పుస్తకాన్ని మాత్రం ఇప్పుడు తలుపున్న అల్మారాలో, కింది అరలో ఎడమ చివర పెట్టాను. పై అరలో ఇంకా పన్నెండు ఉన్నాయి, వాటి ఫ్లాపులు విప్పి చూడాలి.