ఇగత్‌పురిలో ముక్కు కింద మూడున్నర రోజులు

జూలైలో సికింద్రాబాద్‌లో దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి తెల్లవారుజామున ఇగత్‌పురిలో దిగితే ఒకటే వాన, ఎదురుగా ఉండాల్సిన సహ్యాద్రి కొండలు మబ్బులో కనిపించనే లేదు. అక్కడి ధ్యాన కేంద్రం ధమ్మగిరిలో 10 రోజుల విపశ్యన ధ్యాన శిబిరం. ఫోను, పుస్తకం, పెన్ను అన్నీ కౌంటర్లో ఇచ్చేయాలి, మౌనం పాటించాలి. ఇక్కడిదాకా తెలిసే వచ్చాను. యోగాసనాలు, ప్రాణాయామం కూడా బంద్ అన్నప్పుడు మాత్రం గుండె కలుక్కుమంది. ఎనిమిదేళ్లుగా రోజూ అనులోమ విలోమం చేసేవాణ్ణి, ఆ గర్వం కాస్త ఉండేది, దాన్ని కూడా ఫోన్‌తో పాటు లాకర్లో పెట్టించుకున్నారు.

పొద్దున 4కి గంట, 4:30కి హాల్లో కూర్చోవడం. మొదటి మూడున్నర రోజులూ ఆనాపాన, అంటే ముక్కు దగ్గర ఊపిరిని గమనించడం, ఒక్కటే. ఈ శిబిరాల గురువు గోయెంకా గారు 2013లోనే పోయారు, రికార్డులోంచి ఆ బరువైన గొంతు చెబుతుంది: ఊపిరి ఎలా వస్తే అలా చూడు, మార్చకు. వినడానికి తేలికే. నేను చూడగానే నా ఊపిరి కాస్తా తనిఖీకి డీఈఓ వచ్చినప్పటి క్లాసులా బుద్ధిగా, పొడుగ్గా, లెక్కప్రకారం సాగేది. వదిలేద్దామంటే అలవాటు ఊరుకోదే!

రెండో రోజు మధ్యాహ్నం మోకాళ్లు సలుపుతుంటే, ఎందుకొచ్చానురా అని తిట్టుకుంటూ ఊపిరి సంగతే మర్చిపోయాను. అప్పుడు తెలిసింది, ఎడమ ముక్కు అంచున చిన్న చల్లదనం, కాసేపటికి అక్కడే గోరువెచ్చగా. ఊపిరి చాలా చిన్నది, తాపీగా దాని పని అది చేసుకుంటోంది, నేను పీల్చింది కాదది. దొరికిందిరా అని సంబరపడ్డానో లేదో, మాయం.

నాలుగో రోజు అసలు విపశ్యన, అంటే ఒంట్లో కలిగే అనుభూతుల్ని గమనించడం, మొదలైంది, గంటసేపు కదలకుండా కూర్చోవడం కూడా. దాని గురించి మోకాళ్లనే అడగాలి. సాయంత్రం 5కి టీ, మరమరాలు, తర్వాత పొద్దుటిదాకా ఏమీ ఉండదు. ఆ మరమరాల్ని నేను ఒక్కొక్కటిగా తిన్నాను.

పక్క ఆసనం ఆయన మాత్రం 9 రోజులూ దగ్గుతూనే ఉన్నాడు, సరిగ్గా నాకు ఊపిరి దొరికినప్పుడే. పదో రోజు మాటలకు అనుమతి రాగానే నా దగ్గరికే వచ్చాడు. నిజామాబాద్ అట.

"అన్నా, నా దగ్గుతో మస్తు తక్లీఫ్ అయిందా?"

"అబ్బే, అసలు వినపడనే లేదన్నా" అన్నాను. అబద్ధమాడకూడదన్న నియమం ఇంకా ఒక పూట అమల్లోనే ఉంది.