ఎవ్వనిచే జనించు జగము?

కార్తీక శుద్ధ ద్వాదశి వస్తోందంటే నల్లగొండలో మా ఇంట్లో తులసికోటకు సున్నం పడుతుంది. తులసమ్మకూ దామోదరుడికీ ఆ సాయంత్రం పెళ్లి. కోటలో ఉసిరి కొమ్మ నాటి, పక్కన పీట మీద సాలగ్రామం పెడతాం. నిమ్మకాయంత నల్లరాయి, మీద సుడి తిరిగిన చక్రం. నాయన రోజూ దానికి ఉద్ధరిణితో నీళ్లు పోసి, మెత్తటి బట్టతో అద్ది, గంధం పెడతాడు.

పోయినేడు పండుగ ముందు ఇంట్లో గొడవైంది. ఇంటర్ చదివే మా అబ్బాయి హైదరాబాద్‌లోని బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటాసారస్ అస్థిపంజరం చూసొచ్చాడు. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన డైనోసార్ అది. ఇక శిలాజాల కోసం మా గుట్టలన్నీ తిరిగాడు. ఇదంతా గ్రానైట్ రా, భూమి లోపల కరిగిన రాయి గడ్డకట్టింది, దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటిది, అప్పటికి జంతువన్నదే పుట్టలేదు అని చెప్పాను. “అయితే ఇంట్లోనే ఒకటుంది” అంటూ పూజ గది చూపించాడు.

వాడన్నది నిజమే. సాలగ్రామాలు నేపాల్‌లో, ముక్తినాథ్ దగ్గరి కాళీగండకి నదిలో దొరుకుతాయి. అందులోని చక్రం అమ్మోనైట్ అనే సముద్రజీవి పెంకు. సుమారు 15 కోట్ల ఏళ్ల కింద అక్కడ టెథిస్ సముద్రం ఉండేది. తర్వాత మన భూభాగం ఆసియాను గుద్దుకొని ఆ సముద్రపు అడుగే హిమాలయాలై పైకి లేచింది.

“దేవుణ్ని పట్టుకొని పీనుగంటావారా?” అన్నాడు నాయన. కోతి నుంచి మనిషి పుట్టిండంటే ఒప్పనన్నాడు. కోతికీ మనకూ పూర్వీకులు ఒక్కరేనని వీడు. రెండు రోజులు తాతామనుమలకు మాటల్లేవు.

మూడో రోజు తెల్లారి నాయన ఎప్పటిలాగే పోతన పద్యం ఎత్తుకున్నాడు.

ఎవ్వనిచే జనించు జగ మెవ్వని లోపల నుండు లీనమై
యెవ్వనియందు డిందు...

చిన్నప్పటి నుంచి వింటున్నదే. ఆ రోజు మాత్రం ఒక్కసారి ఆగిపోయాను. ఈ మాటలు అంటున్నది ఎవరు? ఏనుగు. మడుగులో మొసలి నోట కాలు చిక్కిన ఒక జంతువు మూలకారణం ఎవ్వడని అడుగుతోంది. ఆ పిలుపుకే స్వామి పరుగెత్తుకొచ్చాడు. పట్టుకున్న మొసలికీ శాపం తీరింది. ఇలాంటి కథ విని పెరిగిన మనకు జంతువులతో చుట్టరికం అవమానం ఎట్లా అవుతుంది? పద్యం నిండా “ఎవ్వడు” అనే మాటే. ఎన్ని రోజుల్లో చేశాడు, ఏ వరుసలో చేశాడు అని పోతన లెక్క కట్టలేదు. ఆ లెక్క రాళ్లలో ఉంది, చదువుకున్నవాళ్లు చదువుతున్నారు. చదవనివ్వాలి.

దశావతారాలే డార్విన్ సిద్ధాంతమని కొందరంటారు. నాకు నచ్చదు. మత్స్యం, కూర్మం, వరాహం భక్తుల కోసం స్వామి ఎత్తిన రూపాలు. వాటిని బయాలజీ పాఠానికి సాక్ష్యంగా పిలిస్తే ఇటు పురాణానికీ అటు సైన్సుకూ అన్యాయమే. వజ్రకీటం తొలిచి సాలగ్రామంలో చక్రాలు చెక్కిందని చెప్పుకుంటాం. అమ్మోనైట్ సంగతి పెద్దలకు ముందే తెలుసని నేననను. కానీ ఆ రాయిలో ఒక చిన్న ప్రాణి పని ఉందని వాళ్లు నమ్మారు, నమ్మి దండం పెట్టారు. అది తలుచుకుంటే నాకు కళ్లు చెమరుస్తాయి.

ద్వాదశి సాయంత్రం నాయన సాలగ్రామాన్ని అరచేతిలో పెట్టుకొని చాలాసేపు చూశాడు.

“అది దీంట్ల ఎక్కడుండేదిరా?”

మనుమడు వంగి, చక్రం బయటి చుట్టు చివరన వేలు పెట్టకుండా చూపించాడు. “ఈ చివరి గదిలో, తాతా. లోపలి గదులు గాలితో నిండి ఉండేవి. వాటితోనే నీళ్లలో తేలేది.”

నాయన పళ్లెంలోంచి ఒక తులసి దళం తీసి, సరిగ్గా అక్కడ పెట్టాడు.