అమ్మ, రెండు దారుల విమానం

ఉదయం తమ్ముణ్ణి హైదరాబాద్ విమానం ఎక్కించడానికి రేణిగుంట వెళ్లాం. అమ్మ కూడా బయలుదేరింది. మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక అలిపిరి మెట్లు ఎక్కడం మానేసింది కానీ, కారులో ఎక్కడికి పిలిచినా కాదనదు. వాణ్ణి దించి, తిరుచానూరులో అమ్మవారి దర్శనం చేసుకుని బయటికి వచ్చేసరికి ఫోనులో వాడు పంపిన ఫోటో ఉంది. చిన్న ఏటీఆర్ విమానం. మధ్యలో ఒకటే దారి, దానికి అటు రెండు సీట్లు, ఇటు రెండు. అమ్మ ఫోటోను వేళ్లతో పెద్దది చేసి చూసి, "ఇందులో ప్రదక్షిణ కుదరదు" అంది.

కిందటేడు లండన్‌లో మా అబ్బాయి దగ్గర ఉన్నప్పుడు అక్కడి నుంచి స్పెయిన్ రాజధాని మాడ్రిడ్ వెళ్లి వచ్చాం. ఆ ప్రయాణం తలుచుకునే అమ్మ ఆ మాట అన్నది. బ్రిటన్ వీసా వేరు, స్పెయిన్ లాంటి యూరప్ దేశాలకు కావాల్సిన షెంగెన్ వీసా వేరు కాబట్టి రెండూ ఇక్కడి నుంచి కదలక ముందే తీసుకున్నాం. తీరా మాడ్రిడ్ బయలుదేరాల్సిన రోజు దగ్గర పడేసరికి అమ్మ రానని మొండికేసింది. చెన్నై నుంచి లండన్ దాకా పది గంటలకు పైగా కూర్చుని వచ్చిన మోకాళ్లు అప్పటికింకా తేరుకోలేదు. అసలు భయం మోకాళ్ల గురించి కూడా కాదని తర్వాత తెలిసింది. టాయిలెట్‌కు వెళ్లాల్సి వస్తే పక్కన కూర్చున్న పరాయి మనిషిని లేపాలి. అలా లేపడం ఇష్టం లేక, ముందు రోజు సాయంత్రం నుంచే నీళ్లు తగ్గించేస్తుంది. మన ఇళ్లలో పెద్దవాళ్లు చాలామంది ఇదే పని చేస్తారు, బస్సు ప్రయాణమైనా సరే. ఎవరికీ చెప్పరు. దిగాక కళ్లు తిరిగి కూలబడితేనే మనకు తెలుస్తుంది.

యూరప్‌లో రెండున్నర గంటల ప్రయాణం అంటే మామూలుగా ఒకే దారి ఉన్న విమానమే వస్తుంది. అటు మూడు, ఇటు మూడు సీట్లు. మేమూ అదే అనుకున్నాం. కానీ హీత్రో విమానాశ్రయంలో గేటు అద్దాల వెనక నిలబడి ఉన్నది స్పెయిన్ విమాన సంస్థ ఐబీరియా వారి ఎయిర్‌బస్ ఎ330. సముద్రాలు దాటే విమానం. ఎకానమీ క్లాసులో సీట్ల అమరిక రెండు, నాలుగు, రెండు. మధ్యలో రెండు దారులు. మాకు ఎడమవైపు కిటికీ దగ్గరి జంట సీట్లు వచ్చాయి. అమ్మకూ దారికీ మధ్య ఉన్నది నేనే. కూర్చోగానే ఆ సంగతి గమనించి నీళ్ల సీసా అడిగింది.

ఆ అమరికలో నాకు బాగా నచ్చినది ఇదే. విమానంలో ఏ సీటులో కూర్చున్నవాళ్లకైనా, దారికి చేరడానికి ఒక్కరిని మించి లేపాల్సిన పని లేదు. మూడేసి సీట్ల విమానంలో కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు ఇద్దరిని లేపాలి. లోపలి వెడల్పు అలాంటి ఒకే దారి విమానమైన ఎ320లో 3.7 మీటర్లు అయితే, ఎ330లో 5.28 మీటర్లు. సీటు మాత్రం చెప్పుకోదగినంత పెద్దదేమీ కాదు. మోకాళ్ల ముందు జాగా కూడా అంతంతే.

బెల్టు గుర్తు ఆరిపోగానే అమ్మ లేచింది. సీట్ల తలల మీద చెయ్యి ఆనించుకుంటూ ముందుకు నడిచి, తెర దగ్గర అటువైపు దారిలోకి మళ్లి, ఆ దారిన చివరి దాకా వెళ్లి, వెనక టాయిలెట్ల పక్కనుంచి తిరిగి మా వరుసకు వచ్చింది. నడిమి సీట్లు తన కుడిచేతి వైపే ఉండేలా నడిచింది. గుడి చుట్టూ తిరిగే పద్ధతే! ఫలహారాల బండి ఒక దారిలో అడ్డం వస్తే రెండో దారి పట్టింది. కాసేపటికి మళ్లీ ఒక చుట్టు. తర్వాత తెర మీది మ్యాపులో ఫ్రాన్స్ దాటి బిస్కే అఖాతం మీదికి వస్తున్న విమానం బొమ్మను చూస్తూ, ఇంటి నుంచి తెచ్చిన పులిహోర తిన్నది. మాడ్రిడ్‌లో దిగినప్పుడు ఆమె మోకాళ్లు బిగుసుకోలేదు.

ఇంత పెద్ద విమానాన్ని ఇంత చిన్న దూరానికి ఎందుకు నడుపుతారని అప్పటి నుంచీ చదువుతూనే ఉన్నాను. ఐబీరియాకు మాడ్రిడ్ నుంచి లాటిన్ అమెరికా నగరాలకు చాలా విమానాలున్నాయి. అటు నుంచి వచ్చిన విమానం మళ్లీ దూర ప్రయాణానికి బయలుదేరే లోపు కొన్ని గంటలు ఖాళీ దొరికితే, లండన్ వెళ్లి రావచ్చు. పైగా దాని కడుపులో పెద్ద కార్గో పెట్టెలు వరుసగా పడతాయి. చిన్న విమానంలో అంత సరుకు పట్టదు. హీత్రో ఇబ్బంది ఇంకొకటి. అక్కడ ఉన్నవి రెండే రన్‌వేలు, ఏడాదికి 4,80,000 రాకపోకలకు మించి అనుమతి లేదు. దొరికిన ఒక్క వేళలో ఎక్కువ మందిని చేర్చాలంటే విమానం పెద్దదై ఉండాలి.

ఇది కొత్త ఆలోచన కూడా కాదు. ఎయిర్‌బస్ మొదటి విమానం ఎ300ను రెండు దారులతో కట్టింది దగ్గరి దూరాల కోసమే. 1974లో ఎయిర్ ఫ్రాన్స్ దాన్ని మొదట నడిపింది పారిస్ నుంచి లండన్‌కు. 1976లో మన ఇండియన్ ఎయిర్‌లైన్స్ కూడా తెచ్చుకుంది. నాన్న ఒకసారి ఆఫీసు పని మీద మద్రాసు నుంచి ఢిల్లీకి అందులోనే వెళ్లారు. లోపల రెండు వీధులున్నాయని వచ్చి చెబితే తను నమ్మలేదట. ఈ మధ్యాహ్నం భోజనం దగ్గర ఆ సంగతి చెప్పింది అమ్మ.

ఇప్పుడు మన దేశం లోపల తిరిగేవన్నీ దాదాపుగా ఒకే దారి విమానాలే. చిన్నవైతే రోజుకు ఎక్కువసార్లు నడపవచ్చు, ఖాళీ సీట్లు మిగలవు. కంపెనీల లెక్క నాకు అర్థమవుతుంది. పెద్ద విమానంలో ఎక్కడానికీ దిగడానికీ ఆలస్యమే, సామాను కోసం నిలబడటమూ ఎక్కువే. అయినా పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు ఆ ఆలస్యాన్ని సంతోషంగా భరిస్తాను.

సాయంత్రం ఎదురింటి అక్కయ్య వచ్చింది. లండన్‌లో కొడుకు దగ్గర కొన్నాళ్లు ఉండి, అక్కడి నుంచి ఫిన్లాండ్ రాజధాని హెల్సింకిలో కూతురి దగ్గరికి వెళ్తారట. బావగారికి చక్కెర వ్యాధి, తరచుగా లేవాలి. టికెట్ చూస్తే ఫిన్‌ఎయిర్ విమానం, ఎ350 అని ఉంది. ఇదీ రెండు దారులదే. బరువులో సగానికి పైగా, లోహానికి బదులు కార్బన్ నార కలిపిన మిశ్రమ పదార్థాలతో కట్టిన కొత్త తరం విమానం. లోపల గాలి ఒత్తిడి పాత విమానాల కంటే హాయిగా ఉంటుంది. కానీ ఎకానమీలో సీట్లు మూడు, మూడు, మూడు. కిటికీ సీటు తీసుకుంటే ఇద్దరిని దాటాలి. అందుకని నడిమి మూడింటిలో దారి పక్క సీటు బావగారికి, దాని పక్కది తనకు తీసుకోమన్నాను. చివరి నిమిషంలో విమానం మార్చినా మార్చవచ్చు, బయలుదేరే ముందు రోజు సీట్లు మరోసారి చూసుకోమని కాగితం మీద రాసిచ్చాను.

కూతురితో మాట్లాడి రాత్రికే మార్పిస్తానంది అక్కయ్య. గుమ్మం దాటుతుంటే అమ్మ వెనక్కి పిలిచి, "ఆయనకు చెప్పు, నీళ్లు తాగడం మానొద్దని" అంది.