పాలా, కాలా? కాక్లియర్ ఇంప్లాంట్‌తో మాట పట్టుకోవడం

కాక్లియర్ ఇంప్లాంట్, అంటే వినికిడి నరానికి నేరుగా కరెంటుతో శబ్దం అందించే పరికరం, పెట్టించుకున్నానని తెలియగానే అందరూ అడిగేది ఒకటే: "ఇప్పుడు బాగా వినిపిస్తోందా?" వినిపించడమైతే స్విచ్ ఆన్ చేసిన రోజే వినిపించింది. మాట అర్థం కావడం వేరే సంగతి. ఈ రెండిటి మధ్య ఎంత దూరం ఉంటుందో నాకు ముందు ఎవరూ సరిగ్గా చెప్పలేదు, అందుకే రాస్తున్నాను.

నాది పుట్టు చెవుడు కాదు. పెద్దయ్యాక వినికిడి కొంచెం కొంచెంగా తగ్గి, చివరికి హియరింగ్ ఎయిడ్ ఎంత పెంచినా గోల తప్ప మాట అందేది కాదు. ఆపరేషన్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మత్తిచ్చి, చెవి వెనక కోసి, లోపలి చెవిలోని కాక్లియాలోకి ఎలక్ట్రోడ్లున్న సన్నటి తీగ పంపారు. గాయం మానాక, కొన్ని వారాలకు, శబ్దాన్ని పట్టుకుని ఆ తీగకు సంకేతాలుగా పంపే బయటి ప్రాసెసర్ తగిలించారు.

ఆడియాలజిస్ట్ (వినికిడి నిపుణురాలు) మాట్లాడటం మొదలుపెట్టగానే నాకు వచ్చినవి బీప్‌లు. ఆవిడ పెదాలు కదిలితే బీప్‌లు, ఆగితే నిశ్శబ్దం. తర్వాత కొన్నాళ్లకు అవి గొంతులయ్యాయి గానీ ఆడ, మగ తేడా లేకుండా అందరిదీ ఒకే కీచు గొంతు. దీనికి కారణం ఉంది. కాక్లియా మొదట్లో తారస్థాయి ధ్వనులు, లోపలి కొసన మంద్రస్థాయి ధ్వనులు పలుకుతాయి. ఎలక్ట్రోడ్ల తీగ సాధారణంగా ఆ కొస దాకా పోదు. దాంతో మంద్రస్వరాలు కూడా పై స్వరాలకు అలవాటు పడ్డ చోటే తగులుతాయి. మెదడు నెమ్మదిగా సర్దుకుంటుంది. నాకూ సర్దుకుంది, కానీ ఎప్పుడు సర్దుకుందో గమనించలేదు.

మ్యాపింగ్, అంటే ప్రాసెసర్‌ని నా చెవికి సరిపడేలా సరిచేయడం, విసుగు పుట్టించే పని. ఒక్కో ఎలక్ట్రోడ్‌కు కరెంటు పెంచుతూ పోతారు. ఎక్కడ లీలగా వినిపించిందో, ఎక్కడ హాయిగా ఉందో, ఇంకొంచెం పెంచితే ఎక్కడ ఇబ్బందవుతుందో చెప్పాలి. మామూలు చెవి దాదాపు 120 డెసిబెల్స్ మేర తేడాలు పట్టుకుంటుంది. కరెంటుతో వినే చెవికి లీలగా వినిపించడానికీ భరించలేకపోవడానికీ మధ్య ఉండేది సుమారు 10 నుంచి 20 డెసిబెల్స్ చోటే. బయటి ప్రపంచాన్నంతా ప్రాసెసర్ అందులో కుదించి పెడుతుంది. నాతో అరిచి మాట్లాడేవాళ్లకు ఈ సంగతి చెప్పాలనిపిస్తుంది. అరుపు ఎలాగూ కుదించుకుపోయే వస్తుంది, పైగా అరిస్తే పెదాల ఆకారం చెడిపోతుంది.

మంచి చెవిలో మెదడుకు ధ్వనిని అందించే లోపలి రోమకణాలే దాదాపు 3,500 ఉంటాయి. వాటి బదులు నాకున్నవి ఎలక్ట్రోడ్లు, కంపెనీని బట్టి 12 నుంచి 22. ఒకదాని కరెంటు పక్కదాని మీదికి పాకుతుంది కాబట్టి అవి కూడా పూర్తిగా విడివిడిగా పనిచేయవు. అయినా మాట అర్థమవుతుందా అంటే, అవుతుంది. 1995లో పరిశోధకుడు రాబర్ట్ షానన్ బృందం మాటలోని స్వరవివరాలు తీసేసి, మంద్రం నుంచి తారం దాకా నాలుగే పట్టీలుగా విడగొట్టి, మామూలు చెవులున్నవాళ్లకు వినిపించింది. నిశ్శబ్దంలో, కొంచెం అలవాటు పడ్డాక, వాళ్లు చాలావరకు అర్థం చేసుకున్నారు. శబ్దం ఎప్పుడు లేచింది, ఎప్పుడు తగ్గింది, ఎంతసేపు నిలిచింది అన్నదే మాటలో చాలా భాగం మోస్తుందన్నమాట.

ఇది తెలిశాక నా తప్పొప్పులకు ఒక లెక్క దొరికింది. మా అక్క పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుని మాటలు చదివేది, నేను తిరిగి చెప్పేవాణ్ణి. పడు, పాడు, గద, గద్ద: ఇవి త్వరగానే పట్టుబడ్డాయి. దీర్ఘాలూ ద్విత్వాలూ కాలానికి సంబంధించినవి, కాలాన్ని ఇంప్లాంట్ బాగానే అందిస్తుంది. "చెప్పాడు", "చెప్పడు" కూడా అంతే. ఆ దీర్ఘం అందకపోతే అవును కాస్తా కాదు అయిపోతుంది.

పాలు, తాలు, కాలు దగ్గర మాత్రం ఇప్పటికీ తడబడతాను. నోట్లో ఎక్కడ పుట్టిన హల్లో చెప్పే సూక్ష్మమైన స్వరభేదం ఇన్ని తక్కువ ఎలక్ట్రోడ్లలో చెరిగిపోతుంది. అక్క పుస్తకం దించగానే చిక్కు విడిపోయేది, ఎందుకంటే "పా"కి పెదాలు మూసుకుంటాయి, "కా"కి మూసుకోవు. విచిత్రమేంటంటే, పెదాలు చూస్తే పా, బా, మా మూడూ ఒకటే. వాటిని విడదీసేది చెవి. కంటికి దొరకనిది చెవికి, చెవికి దొరకనిది కంటికి దొరుకుతుంది. లిప్ రీడింగ్ మానేయాలని పట్టుబట్టేవాళ్ల సలహా నాకెప్పుడూ నచ్చలేదు. సాధనప్పుడు మానేస్తే చాలు.

మన వాక్య నిర్మాణం వల్ల ఇంకో ఇబ్బంది ఉంది. క్రియ చివర్లో వస్తుంది. ఎవరు, ఎప్పుడు, చేస్తారా చేయరా అన్నదంతా ఆ చివరి మాటలోనే. మామూలుగా మనుషుల గొంతు తగ్గేది కూడా అక్కడే. మధ్యలో జారిన మాటను సందర్భాన్ని బట్టి ఊహించుకుంటూ ఉంటే ఈలోగా క్రియ వెళ్లిపోతుంది. గొంతు ఎత్తి "వెళ్తున్నావు?" అంటే ప్రశ్నని తెలియదు, ఆ ఎత్తు నాకు సరిగ్గా అందదు. "వెళ్తున్నావా" అంటే వెంటనే తెలుస్తుంది. వెటకారం సంగతి ఇక చెప్పక్కర్లేదు. "చాలా బాగుంది" అంటే పొగడ్తో కాదో మొహం చూసే తేల్చుకుంటాను.

నలుగురు ఒకేసారి మాట్లాడితే అసలు కష్టం అక్కడే. మామూలు చెవి గొంతుల స్వరస్థాయిని బట్టి మనుషుల్ని విడదీస్తుంది. నాకు ఆ ఆధారం లేదు. పైగా ఇంప్లాంట్ ఒకే చెవికి ఉంది, శబ్దం ఎటు నుంచి వస్తోందో తెలియదు. ఒక గంట గుంపులో కూర్చుంటే తల బరువెక్కుతుంది. ఇప్పుడు గోడకు వీపు పెట్టి కూర్చుంటాను, ముఖ్యమైన మీటింగ్ అయితే రిమోట్ మైక్ మాట్లాడేవాళ్ల ముందు పెడతాను. "ఏంటి?" అని అడగడం తగ్గించాను. అలా అడిగితే అదే వాక్యం ఇంకా గట్టిగా వస్తుంది. "మంగళవారం అన్నారా, శనివారం అన్నారా?" అని అడిగితే పని అవుతుంది.

పాటల్లో తాళం అందుతుంది, రాగం అందదు. పాత పాటలు సాహిత్యాన్ని బట్టి గుర్తుపడతాను, కొత్తవి వినడం లేదు. ఫోన్‌లో పెదాలు కనిపించవు కాబట్టి తెలిసినవాళ్లతో, తెలిసిన విషయమైతేనే మాట్లాడతాను. తెలియని నంబరైతే ఎత్తను, మెసేజ్ పెట్టమంటాను.