హెండన్‌లో లాంకాస్టర్ తోక దగ్గర

లండన్ వచ్చిన మనవాళ్ళు టవర్ బ్రిడ్జి ముందు ఫొటో దిగుతారు గానీ, నార్తర్న్ లైన్ ఎక్కి కోలిన్‌డేల్ దాకా వచ్చేవాళ్ళు తక్కువ. అక్కడ హెండన్‌లో ఉన్న ఆర్‌ఏఎఫ్ (బ్రిటన్ వైమానిక దళం) మ్యూజియంకి టికెట్ లేదు. బర్మింగ్‌హామ్ నుంచి రానూపోనూ రైలు ఛార్జీలకే ప్రాణం ఉసూరుమంది. విమానం కంటపడ్డాక ఆ లెక్కలన్నీ మర్చిపోయాను.

రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ బాంబరు, లాంకాస్టర్ ఆర్5868. 'ఎస్ ఫర్ షుగర్' అంటారు. రెక్కల పొడవు 102 అడుగులు, నాలుగు మెర్లిన్ ఇంజన్లు. కాక్‌పిట్ కింద వరుసలు వరుసలుగా చిన్న చిన్న బాంబు బొమ్మలు, దాడికొకటి చొప్పున. ఇది 137 దాడులకు వెళ్ళొచ్చింది. జర్మనీ మీదికి శత్రు విమానం ఒక్కటీ రాబోదని హిట్లర్ వైమానిక దళాధిపతి గోరింగ్ పలికిన ప్రగల్భాన్ని కూడా అక్కడే రాసిపెట్టారు. జనమంతా దాని ముందే ఫొటోలు.

నేను తోక దాకా నడిచాను. వెనక గన్నర్ కూర్చునే టరెట్, అంటే తుపాకుల గూడు, అక్కడుంది. నాలుగు బ్రౌనింగ్ తుపాకుల వెనక ఒక మనిషి ఇరుక్కుని కూర్చునేంత చోటు, అంతే. పారాచూట్‌కి కూడా అందులో జాగా లేదు, టరెట్ బయట, విమానం లోపల పెట్టుకోవాలి. మంటలు లేస్తే వెనక తలుపులు తీసి, దాన్ని అందుకుని, తగిలించుకుని దూకాలి. మిగతా ఆరుగురు సిబ్బందికీ దూరంగా, గడ్డకట్టే చలిలో, గంటల తరబడి చీకట్లోకి చూస్తూ ఉండాలి. మా తమ్ముడు డిగ్రీ చదువుతున్నాడు. ఆ వయసు పిల్లలే ఇందులో కూర్చున్నారు. 30 దాడులు పూర్తిచేస్తే విశ్రాంతి దొరికేది, కానీ అందాకా బతకడమే గండం. బాంబర్ కమాండ్‌లో సుమారు 1,25,000 మంది విమాన సిబ్బంది పనిచేస్తే 55,573 మంది పోయారు.

వాళ్ళ మీద జాలి పడుతుండగానే, ఇలాంటి బాంబర్లే తగలబెట్టిన జర్మన్ నగరం హాంబర్గ్ గుర్తొచ్చింది. 1943 జులైలో ఆ ఊళ్ళో వేలాది మంది మంటల్లో పోయారు. బాంబు బొమ్మల ముందు నిలబడి నవ్వుతూ ఫొటో దిగడానికి నాకు మనసొప్పలేదు.

మనవాళ్ళు తెలుసుకోవాల్సింది ఇంకొకటుంది. ఇదే మ్యూజియం సొత్తుల్లో మొదటి ప్రపంచ యుద్ధం నాటి డీహెచ్9ఏ బాంబరు ఒకటి ఉంది. 1918లో నిజాం ఇచ్చిన డబ్బుతో సమకూరిన 110వ స్క్వాడ్రన్‌ది. ఆ స్క్వాడ్రన్‌కి హైదరాబాద్ పేరే పెట్టారు. నిజాం ఖజానా అంటే రైతులు కట్టిన శిస్తే కదా, మా నల్లగొండ పల్లెల శిస్తు కూడా అందులో ఉండే ఉంటుంది. ఆ డబ్బు ఇంత దూరం వచ్చి బాంబర్లయిందని బళ్ళో మాకెవరూ చెప్పలేదు.